ఆంగ్ల వ్యాకరణమున పరోక్ష కథనము

ఒకరు పలికిన మాటను వేరొకరు, వేరొక చోట, వేరొక సమయమున, మూడవవారికి నివేదించు వాక్యరీతికి ఆంగ్ల వ్యాకరణమున 'రిపోర్టెడ్ స్పీచ్' అని పేరు. ఇది రెండు తెరగులు. పలికినవాని మాటలను పలికినట్లే ఉద్ధరణ చిహ్నముల నడుమ నిలుపుట ప్రత్యక్ష కథనము. ఆ మాటల తాత్పర్యమును గ్రహించి నివేదకుడు దానిని తన వాక్యములో తన దృష్టి ననుసరించి ఇముడ్చుకొనుట పరోక్ష కథనము. భారతదేశపు పాఠశాలలలో చిరకాలము ఈ ప్రకరణమునకు 'నేరేషన్' అను పేరు వ్యవహారమున నుండెను. 'డైరెక్ట్ స్పీచ్', 'ఇన్‌డైరెక్ట్ స్పీచ్' అనునవి దాని శాఖలు. లాటిన్ వ్యాకరణమున 'ఒరాషియో రెక్టా', 'ఒరాషియో ఒబ్లిక్వా' అని ప్రసిద్ధమైన విభాగమునే ఆంగ్ల వైయాకరణులు పరిగ్రహించి తమ భాషకు అన్వయించుకొనిరి.

పాఠ్యపుస్తకములలో ఈ ప్రకరణమును చూచువానికి ఇది మార్పుల పట్టికగా తోచును: ఈ కాలము ఆ కాలమగును, ఈ సర్వనామము ఆ సర్వనామమగును, 'హియర్' అనునది 'దేర్' అగును, 'నౌ' అనునది 'దెన్' అగును. పట్టికను కంఠస్థము చేసినవాడు పరీక్షలో కృతార్థుడగుట నిజమే. అయినను ఈ మార్పులు ఒకదానితో నొకటి సంబంధము లేని విడివిడి విధులు కావు. వీనికన్నిటికిని కారణ మొక్కటే. మాటాడు ప్రతివాడును తన్నును, తానున్న చోటును, తాను మాటాడు క్షణమును ఆధారముగా గొని 'నేను', 'ఇచట', 'ఇప్పుడు' అను మాటలకు అర్థము కల్పించుచున్నాడు. ప్రత్యక్ష కథనమున ఆ ఆధారము మూలవక్తదిగానే నిలుచును. పరోక్ష కథనమున అది నివేదకుని పరమగును. నివేదకుడు ఎచట, ఎప్పుడు, ఎవరితో మాటాడుచున్నాడో తెలిసినచో ఏ పదము మారవలయునో, ఏది మారనక్కరలేదో పట్టిక లేకయే నిర్ణయింపవచ్చును. అది తెలియనిచో ఏ పట్టికయు సంపూర్ణముగా నుపకరింపదు.

ప్రత్యక్ష కథనము

నేడు మనము చూచు ఉద్ధరణ చిహ్నములు ఆంగ్ల ముద్రణమున అంత ప్రాచీనములు కావు. వ్రాతప్రతుల కాలమున పవిత్రగ్రంథముల నుండి గ్రహించిన వాక్యములను చూపుటకు లేఖకులు అంచులలో ఒక గురుతు నుంచెడివారు. తొలినాటి ముద్రాపకులు సూక్తులను, స్మరణీయ వాక్యములను ఎత్తిచూపుటకు కామాలవంటి గీతలను అంచులందే అచ్చువేసిరి. 1611లో వెలువడిన జేమ్సు రాజు నాటి బైబిలు అనువాదమున సంభాషణలు కోకొల్లలుగా నున్నను ఉద్ధరణ చిహ్నము లేవు; కామా పిమ్మట పెద్దబడి అక్షరముతో ఆరంభమగుటయే అచట పాత్ర మాటకు గుర్తు. పదునెనిమిదవ శతాబ్దమున నవల విజృంభించి, పాత్రల సంభాషణమునకు ప్రాధాన్యము పెరిగిన తరువాతనే ఈ చిహ్నములు స్థిరపడినవి. బ్రిటిషు ముద్రాపకులలో అనేకులు ఒంటి గీతను, అమెరికనులు జంట గీతను వాడుచున్నారు. మన పూర్వకావ్యములలోను ఇట్టి చిహ్నములు లేవు. 'అనిన', 'అనవుడు', 'అని పలికిన' వంటి పదములే మాట ముగిసెనని చదువరికి తెలుపుచు ఆ పనిని నిర్వహించినవి.

ప్రత్యక్ష కథనము యథాతథమని సామాన్యముగా చెప్పుదురు. ఇది ఒక ఒడంబడికయే కాని సర్వత్ర సత్యము కాదు. గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీసు తన గ్రంథమందలి ఉపన్యాసములను అక్షరశః జ్ఞాపకముంచుకొనుట కష్టమైనందున, ఆయా సందర్భములకు ఉచితముగా తోచినదానిని, వాస్తవముగా చెప్పబడినదాని సామాన్య తాత్పర్యమునకు వీలైనంత దగ్గరగా వ్రాసితినని తానే ఒప్పుకొనెను. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండున పార్లమెంటు ప్రసంగములను ప్రకటించుట నిషిద్ధమై యున్నపుడు, 'జెంటిల్మన్స్ మేగజీన్' అను పత్రిక వానిని లిల్లిపుట్ దేశపు చర్చలని మారుపేరుతో ప్రచురించెను. ఆ ప్రసంగములను 1740 దశకపు తొలి సంవత్సరములలో వ్రాసినవాడు సామ్యూల్ జాన్సను. సభకు పోకయే, ఇతరులు తెచ్చిన కొద్దిపాటి సమాచారము నాధారము చేసికొని, వక్తలు స్వయముగా పలికినట్లు ఆతడు వానిని రచించెను. చదివినవారు నిజమైన ప్రసంగములనియే నమ్మిరి. కావున ప్రత్యక్ష కథనమునకు లక్షణము యథార్థతయని చెప్పుటకంటె, మాటల రూపమునకుగూడ నివేదకుడు పూచీపడినట్లు నటించు రీతియని చెప్పుట యుక్తము. పరోక్ష కథనమున ఆతడు తాత్పర్యమునకు మాత్రమే పూచీ వహించును.

పరోక్ష వాక్య నిర్మాణము

పరోక్ష వాక్యమున రెండు భాగములు గలవు. నివేదన క్రియ గల ప్రధాన వాక్యము మొదటిది. నివేదింపబడిన మాటను గల ఆశ్రిత ఉపవాక్యము రెండవది. వీనిని కూర్చు 'దట్' అను పదము మాటలలో తరచుగా లోపించును, వ్రాతలో నిలుచును. క్రియకును ఉపవాక్యమునకును నడుమ వేరు పదములు చేరినచో దానిని విడువకుండుట మేలు. 'సే', 'టెల్' అను రెండు క్రియల భేదము మన విద్యార్థులకు ఎప్పుడును చిక్కే. 'టెల్' అను క్రియకు వినినవానిని చెప్పక తప్పదు. 'సే' అనుదానికి ఆ నిర్బంధము లేదు, చెప్పదలచినచో 'టు' చేర్చి చెప్పవలయును. 'హీ టోల్డ్ దట్ హీ వాజ్ ఇల్' అను వాక్యము తెలుగునాట ఆఫీసు ఉత్తరములలో పుట్టి పెరిగినది. 'చెప్పాడు' అను మన క్రియకు వినినవాడు అనావశ్యకుడు గనుక ఆ పొరపాటు మనకు సహజముగా వచ్చును.

పురుషల మార్పు సులభముగా కనబడును గాని చిక్కులు అందును గలవు. మన శిక్షణ కేంద్రములలో 'ఎస్.ఓ.ఎన్.' అను సంకేతమొకటి ప్రచారమున నున్నది: ఉత్తమ పురుష నివేదన క్రియయొక్క కర్తను, మధ్యమ పురుష దాని కర్మను అనుసరించి మారునట; ప్రథమ పురుష మారదట. గోపాలుడు లతతో 'ఐ సా సీత' అనెననుకొందము. ఈ సంగతి మూడవవానితో చెప్పునపుడు 'గోపాల్ టోల్డ్ లత దట్ హీ హ్యాడ్ సీన్ సీత' అనవచ్చును. సంకేతము చక్కగా పనిచేసినది. కాని ఆ సంగతి నేను స్వయముగా సీతతోనే చెప్పినచో 'హీ హ్యాడ్ సీన్ యూ' అనవలయును. చెప్పుచున్నది సీతయే యైనచో 'హీ హ్యాడ్ సీన్ మీ' అనవలయును. మారదని నియమము నిషేధించిన ప్రథమ పురుషయే ఇచట మారినది. నివేదకుడెవడో, శ్రోత యెవడో లెక్కింపని సంకేతము ఇంతకంటె బాగుగా పనిచేయజాలదు.

కాల వ్యత్యయము

ఈ ప్రకరణమునకు హృదయస్థానము క్రియయొక్క కాలము వెనుకకు జరుగుటయే. దీనిని ఆంగ్ల వైయాకరణులు 'బ్యాక్‌షిఫ్ట్' అందురు. నివేదన క్రియ భూతకాలమున నున్నపుడు 'ఐ యామ్ టైర్డ్' అనునది 'హీ సెడ్ దట్ హీ వాజ్ టైర్డ్' అగును. 'విల్' అనునది 'వుడ్' అగును, 'కెన్' అనునది 'కుడ్' అగును, 'మే' అనునది 'మైట్' అగును. భూతకాలమున నున్న మాట అంతకు పూర్వమైన 'హ్యాడ్' రూపమును పొందును. 'కుడ్', 'మైట్', 'షుడ్', 'ఆట్' మొదలగునవి అప్పటికే భూతరూపములు గనుక కదలవు. 'మస్ట్' అనునది నిర్బంధార్థమున 'హ్యాడ్ టు' కావచ్చును; 'నీవు అలసి యుందువు' అను ఊహార్థమున మాత్రము మారక నిలుచును.

'హ్యాడ్' రూపమును దాటి వెనుకకు పోవుటకు ఆంగ్లమున వేరు కాలరూపము లేదు. అందుచేత 'ఐ వాజ్ ఇల్', 'ఐ హ్యావ్ బీన్ ఇల్', 'ఐ హ్యాడ్ బీన్ ఇల్' అను మూడు వేర్వేరు మాటలును పరోక్ష కథనమున 'హీ హ్యాడ్ బీన్ ఇల్' అను నొక్క రూపమునే చేరును. మూడు దారులు కలిసిన తరువాత, ఏ దారిన వచ్చితిమో ఆ కూడలిని చూచి చెప్పుట సాధ్యము కాదు. పరోక్ష వాక్యము నిచ్చి ప్రత్యక్షముగా మార్పుమని అడుగు పరీక్షాప్రశ్నకు ఒక్కటే సరియైన సమాధాన మున్నదనుకొనుట ఈ కారణమున పొరపాటు. నిజమునకు ఆ అభ్యాసమే, ముందు ప్రత్యక్ష వాక్యముండును, పరోక్ష వాక్యము దాని నీడ యను భ్రమను పుట్టించుచున్నది. లోకమున మనము ఇతరుల మాటలను పదములతో సహా గుర్తుంచుకొనుట అరుదు. సారము గుర్తుండును, ఆ సారమును మన మాటలతో చెప్పుదుము. గంటసేపు సాగిన వాదమును 'ఒప్పుకొనలేదు' అను ఒక్క పదముతో ముగించువాడు ఏ ప్రత్యక్ష వాక్యమును మార్చుచున్నట్లు?

కాలము వెనుకకేల జరుగవలయునను ప్రశ్నకు ప్రాచీనుల సమాధానము, ప్రధాన క్రియ భూతమైనచో ఆశ్రిత క్రియయు భూతము కావలయునను లాటిన్ అనుక్రమ నియమము. డెన్మార్కు దేశీయుడైన ఆంగ్లభాషా పండితుడు ఒటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన 'ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్' అను గ్రంథమున ఈ విషయమును విపులముగా చర్చించెను. నివేదకుని నిలుకడ నుండి చూచినచో మూలవక్త పలికిన క్షణమే గతించినది. ఆ మాటలోని వర్తమానము నివేదకునకు గతమే. దానిని గతముగానే ఆతడు చెప్పుట సహజము. అయితే ఇది సర్వభాషలకు సహజమైన ధర్మమని భావింపరాదు. రష్యను భాషలో మూలవక్త వాడిన కాలమే నిలుచును. జర్మనులో 'ఎర్ జాగ్టె, ఎర్ జై క్రాంక్' అనునపుడు క్రియ తన కాలమును గాక తన వృత్తిని ('మూడ్') మార్చుకొని, ఇది నా మాట కాదు, ఆతని మాట యని సూచించును. ప్రాచీన ఆంగ్లముగూడ ఇట్టి ప్రత్యేక క్రియారూపములనే పరోక్ష కథనమున విరివిగా వాడెడిది. పదాంతములందలి ప్రత్యయములు శతాబ్దముల మీదుగా అరిగిపోయి ఆ భేదము మరుగుపడగా, కాల వ్యత్యయమే ముఖ్య చిహ్నమై నిలిచినది.

నిత్యసత్యములకు కాలము మారదని పాఠ్యపుస్తకములు చెప్పును. భూమి సూర్యుని చుట్టు తిరుగుననుట, కృష్ణానది మహాబలేశ్వరము వద్ద పుట్టుననుట వాని ఉదాహరణములు. ఈ విధి సగము సత్యము. ఉపాధ్యాయుడు చెప్పినదానిని వర్తమానమున చెప్పవచ్చును, భూతకాలమునను చెప్పవచ్చును, రెండును నిర్దుష్టములే. వర్తమానము నిలుపువాడు ఆ సంగతి ఇప్పటికిని నిజమని తానును సమ్మతించుచున్నాడు. భూతకాలము వాడువాడు ఆ భారమును వక్తమీదనే యుంచుచున్నాడు. కోపర్నికసు భూమి సూర్యుని చుట్టు తిరుగునని చెప్పెననునపుడు 'గోజ్' అనుటకు ఆంగ్లేయుడు సంకోచింపడు. సూర్యుడే భూమి చుట్టు తిరుగునని టాలెమీ చెప్పెననునపుడు మాత్రము ఆతడు 'వెంట్' అనియే యనును. టాలెమీ దృష్టిలో అదియు నిత్యసత్యమే, కాని నివేదకుని దృష్టిలో కాదు. అనగా ఇచట నిర్ణయించునది సత్యముయొక్క నిత్యత్వము కాదు, నివేదకుని విశ్వాసము. ఇదే న్యాయమున, ఆరోగ్యము బాగులేదని సెలవు పుచ్చుకొన్న ఉద్యోగిని గూర్చి 'హీ సెడ్ హీ ఈజ్ ఇల్' అను అధికారికిని, 'హీ సెడ్ హీ వాజ్ ఇల్' అను అధికారికిని నడుమ సూక్ష్మమైన భేదమొకటి యుండవచ్చును.

నివేదన క్రియ వర్తమానమున నున్నపుడు, అనగా 'హీ సేస్' అనునపుడు, వ్యత్యయమునకు అవకాశము లేదు. స్పష్టమైన సంవత్సరముతో కూడిన భూతకాలము మారనక్కరలేదు: 'హీ సెడ్ దట్ హీ వాజ్ బోర్న్ ఇన్ 1947' అను వాక్యమున 'హ్యాడ్ బీన్' అనుట వృథా పాండిత్యము. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలుగురు కలిసి ప్రకటించిన బృహద్వ్యాకరణమును, 2002లో హడిల్‌స్టన్, పులమ్ అనువారల సంపాదకత్వమున వెలువడిన కేంబ్రిడ్జి వ్యాకరణమును, కాల వ్యత్యయము కొన్ని యెడల ఐచ్ఛికమనియే నిరూపించినవి.

స్థలకాల సూచకములగు పదముల విషయము ఇంతకంటె సులభము. 'టుడే' అనునది 'దట్ డే' అనియు, 'టుమారో' అనునది 'ద నెక్స్ట్ డే' అనియు, 'ఎగో' అనునది 'బిఫోర్' అనియు మారునని చెప్పుదురు. మారవలసినది నివేదకుడు చోటును దినమును మారినపుడు మాత్రమే. బెజవాడలో ఉదయము పలికిన మాటను బెజవాడలోనే ఆ సాయంకాలము చెప్పువాడు 'హియర్', 'టుమారో' అను పదములను మార్చినచో తప్పు చేసినవాడే యగును.

ప్రశ్నలు, ఆజ్ఞలు, ఆశ్చర్యములు

పరోక్షమైన ప్రశ్న ప్రశ్నగా నుండదు. ప్రశ్న చిహ్నమును, కర్తకంటె ముందు సహాయక క్రియ నిలుచు క్రమమును అది కోల్పోవును. 'వేర్ డూ యూ లివ్' అనునది 'హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ లివ్‌డ్' అగును. 'డూ' అంతర్ధానమగును, 'దట్' రానేరదు. అవును, కాదు అను సమాధానము నపేక్షించు ప్రశ్నలకు 'ఇఫ్' గాని 'వెదర్' గాని చేర్చవలయును. ఐర్లండు దేశపు ఆంగ్లమున మాత్రము 'హీ ఆస్క్‌డ్ మీ వాజ్ ఐ గోయింగ్' అని ప్రశ్నక్రమమునే నిలుపుకొందురు. మన విద్యార్థి అట్లు వ్రాసినచో సున్న లభించును.

ఆజ్ఞలు 'టు' తోడి తుమున్నర్థక రూపమును పొందును. నిషేధమున 'నాట్ టు' వచ్చును. ఆజ్ఞయా, ప్రార్థనయా, సలహాయా, హెచ్చరికయా అనునది మూలవాక్యమున కంఠస్వరమును బట్టి తెలియుచుండగా, పరోక్షమున 'ఆర్డర్', 'రిక్వెస్ట్', 'అడ్వైజ్', 'వార్న్' అను క్రియలలో నొకదానిని ఎన్నుకొని నివేదకుడే తీర్పు చెప్పవలసి యున్నది. 'లెట్ అజ్' అనునది 'సజెస్ట్' క్రియతో నివేదింపబడును.

ఆశ్చర్యార్థకములకు వచ్చుసరికి పరోక్ష కథనము చేతులెత్తును. 'అలాస్', 'హుర్రా' అను ధ్వనులకు తాత్పర్యము లేదు, వేదనయో సంతోషమో మాత్రమే కలదు. పాఠ్యగ్రంథములు అట్టి చోట 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో', 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' అను రెండు పడికట్టు మాటలను విద్యార్థి చేతికిచ్చును. ఈ మాటలను పరీక్షాపత్రముల వెలుపల సజీవులైన ఆంగ్ల రచయితలు వాడగా చూచుట మిక్కిలి అరుదు. ఇట్టి అభ్యాసముల ప్రచారమునకు మన దేశమున ముఖ్యముగా రెండు పుస్తకములు కారణములు. పందొమ్మిదవ శతాబ్దాంతమున నెస్‌ఫీల్డు వ్రాసిన వ్యాకరణములు మొదటివి. 1930 దశకమున రెన్, మార్టిన్ అనువారలు వ్రాసిన ఉన్నత పాఠశాలా వ్యాకరణము రెండవది. రెన్ బొంబాయి రాజధానిలో విద్యాశాఖయందు పనిచేసినవాడు. 1924 నాటి 'బో జెస్ట్' అను సాహస నవలకు కర్త. సంభాషణములను అంత ఉత్సాహముగా నడపిన నవలాకారుడే సంభాషణమును చంపి ఎండబెట్టు అభ్యాసములకును కర్త యగుట విచిత్రము.

తెలుగుతో తారతమ్యము

ఆంగ్ల పరోక్ష కథనము తెలుగువానికి కష్టముగా తోచుటకు కారణము వాని మాతృభాషలో ఈ వ్యవస్థ వేరు మార్గమున నడచుటయే. తెలుగున నివేదింపబడిన మాటను 'అను' ధాతువు నుండి పుట్టిన 'అని' అనునది ముగించును. ఆంగ్లమున 'దట్' మాటకు ముందు నిలువగా, 'అని' మాటకు వెనుక నిలుచును. సంస్కృతమున 'ఇతి' యును ఇట్టిదే. 'అని' ముందరి మాటలో క్రియాకాలము కదలదు. 'నిన్న కలిసినప్పుడు జ్వరంగా ఉందన్నాడు' అనునపుడు 'ఉంది' అనునది వర్తమానముగానే నిలిచినది. ఇదే అలవాటుతో ఆంగ్లమున 'హీ సెడ్ దట్ హీ ఈజ్ హ్యావింగ్ ఫీవర్' అను వాక్యము వెలువడుచున్నది.

పురుషల విషయమున తెలుగు చూపు సూక్ష్మత ఆంగ్లమునకు లేదు. 'రాముడు వస్తానన్నాడు' అనినచో వచ్చువాడు రాముడే. 'రాముడు వస్తాడన్నాడు' అనినచో వచ్చువాడు వేరొకడు. ఆంగ్లమున ఈ రెండింటికిని 'రామ సెడ్ హీ వుడ్ కమ్' అను నొక్క వాక్యమే గతి. 'హీ' యెవడో సందర్భమును బట్టి ఊహించుకొనవలయును. ఇక 'తాను వస్తానన్నాడు' అను వాక్యమున కర్త 'తాను', క్రియ మాత్రము ఉత్తమ పురుష! సర్వనామము నివేదకుని దృష్టిని, క్రియాంతము మూలవక్త దృష్టిని అనుసరించి ఒకే ఉపవాక్యమున ఇమిడియున్నవి. ప్రత్యక్ష పరోక్షములను రెండు గదులుగా విభజించు ఆంగ్ల పద్ధతికి ఇది యే గదిలోను చేరదు. 1840లో వెలువడిన బ్రౌను వ్యాకరణము మొదలు 1873 నాటి ఆర్డెన్ వ్యాకరణమును, 1985 నాటి కృష్ణమూర్తి, గ్విన్ అనువారల వ్యాకరణమును వరుసగా తెలుగును ఆంగ్లమున వివరింపబూనినవే. ఆంగ్లము మాటాడువానికి 'అని' అనుదానిని బోధించుట, తెలుగువానికి కాల వ్యత్యయమును బోధించుటకంటె సుకరమైన పనిగా తోచదు.

పలికిన మాటను అంతగా కదపనక్కరలేని ఈ సౌలభ్యమునకు మనము చెల్లించు మూల్యమును కలదు. 'రేపు వస్తానన్నాడు' అనినచో ఏ రేపు? ఆతడు పలికిన దినమునకు మరునాడా, మనము వినుచున్న దినమునకు మరునాడా? తెలుగు శ్రోత ఎదురు ప్రశ్న వేయవలసినదే. ప్రశ్నలయందును ఇంతే: 'నువ్వెక్కడుంటావని అడిగాడు' అను వాక్యమున 'నువ్వు' అనునది ఇపుడు వినుచున్న శ్రోత కావచ్చును, అపుడు అడుగబడిన నివేదకుడే కావచ్చును. ఆ రెండవ అర్థము మనస్సున నుంచుకొని ఆంగ్లమున వ్రాయువాడు 'హీ ఆస్క్‌డ్ మీ దట్ వేర్ డూ యూ లివ్' అని వ్రాయును. అందలి ప్రతి పదమును తెలుగు వాక్యమునకు విధేయమే. పలికినవాని పేరే చెప్పక వినికిడిని నివేదించుటకు మనకు 'అట' కలదు. 'వస్తాడట' అను నొక్క పదమునకు ఆంగ్లేయుడు 'ఇట్ ఈజ్ సెడ్' అనియో, 'ఐ హియర్' అనియో వేరు వాక్యమునే కట్టవలయును.

శాసనసభ, న్యాయస్థానము, పత్రిక

బ్రిటిషు పార్లమెంటు చర్చల నివేదికలు హాన్సర్డు అను ముద్రాపకుని పేరుతో ప్రసిద్ధములైనవి. పందొమ్మిదవ శతాబ్దమున వానిలో చాలభాగము పత్రికల నుండి సంగ్రహింపబడి, గౌరవనీయ సభ్యుడు ఇట్లు భావించెననియు, అట్లు కోరెననియు ప్రథమ పురుషలో భూతకాలమున నడచెడిది. 1909లో సభయే స్వయముగా నివేదకులను నియమించి, ప్రసంగములను ఉత్తమ పురుషలో దాదాపు యథాతథముగా ముద్రింపసాగెను. సంఘముల సమావేశ వృత్తాంతములు మాత్రము నేటికిని పరోక్షమునే ఆశ్రయించుచున్నవి. ఎవరేమనిరో దానికంటె ఏమి తీర్మానించిరో అచట ముఖ్యము.

న్యాయస్థానమునకు పరోక్ష కథనమన్నచో సహజమైన అనుమానము. మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షముగా నుండవలయునని 1872 నాటి భారత సాక్ష్య చట్టపు 60వ సెక్షను విధించెను. వినిన సంగతియైనచో దానిని స్వయముగా వినినవాడే చెప్పవలయును. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఆ చట్టము స్థానమును ఆక్రమించినను ఈ సూత్రమును విడువలేదు. అయితే సాక్షి విచారణమందలి ప్రశ్నోత్తరములను న్యాయస్థానము సాధారణముగా కథనరూపమున వ్రాసికొనును. న్యాయవాది ప్రశ్నలోని మాటలు అట్లు సాక్షి మాటలుగా లిఖితమగుచుండును.

పత్రికా రచయితకు నివేదన క్రియయే పరీక్ష. ఒకే మాటను మంత్రి 'సెడ్' అని వ్రాయవచ్చును, 'క్లెయిమ్డ్' అని వ్రాయవచ్చును, 'అడ్మిటెడ్' అని వ్రాయవచ్చును. మొదటిది తటస్థము, రెండవది సందేహము, మూడవదానిలో మాట నిజమనియు, అది దాచదగినదనియు రెండు తీర్పులు గర్భితములై యున్నవి. అందుచేతనే పత్రికా శిక్షణలో 'సెడ్' అను నీరసమైన క్రియనే మరల మరల వాడుమని బోధింతురు.

సాహిత్యమున

ప్రత్యక్ష పరోక్షములకు నడుమ మూడవ రీతి యొకటి యూరపు నవలలో వికసించినది. ఇందు నివేదన క్రియయు, 'దట్' అను పదమును లోపించును. కాలమును పురుషయు పరోక్షమున వలె మారును. ప్రశ్నలు, ఆశ్చర్యములు, పాత్రకు స్వంతమైన పలుకుబడి ప్రత్యక్షమున వలె నిలుచును. 'రేపు నేనేమి చేయుదును?' అను పాత్ర యొక్క ఆలోచన 'వాట్ వుడ్ షీ డూ టుమారో?' అను రూపమున కథకుని వాక్యములలో కలిసిపోవును. 'వుడ్' కథకునిది, 'టుమారో' పాత్రది. జేన్ ఆస్టెన్ దీనిని ఆంగ్లమున ప్రౌఢముగా వాడిన తొలి నవలాకారులలో నొకతె. వర్జీనియా వుల్ఫ్ నవలలు దీనిమీదనే నడచుచున్నవి. 1912లో భాషాశాస్త్రజ్ఞుడు చార్లెస్ బాయీ దీనికి ఫ్రెంచిభాషలో స్వతంత్ర పరోక్ష శైలియను నర్థమిచ్చు నామకరణము చేసెను; 1929లో రష్యను పండితుడు వొలోషినోవ్ భాషాతత్త్వమును గూర్చిన తన గ్రంథమున తుదిభాగమును ఈ పరాయి మాట ప్రశ్నకే వినియోగించెను.

ఈ రీతిలో మాట ఎవరిదను సందేహము సాహిత్యవేత్తలకే పరిమితము కాలేదు. 1857లో ఫ్లాబేరు 'మదామ్ బొవారీ' నవల నీతికి విరుద్ధమని పారిసు న్యాయస్థానమున అభియోగము నడచినపుడు, నాయిక ఉప్పొంగి తనలో తాననుకొన్న మాటలను ప్రాసిక్యూటరు రచయిత స్వంత ప్రశంసలుగా చదివి వినిపించెను. నివేదన క్రియ లేనందున ఆ పఠనమునకు వ్యాకరణము అడ్డుచెప్పలేదు. ఫ్లాబేరు నిర్దోషిగా విడుదలయ్యెను. తెలుగున ఈ రీతి యథాతథముగా ఒదుగుట కష్టము. 'అని', 'అనుకొంది' అనువానిని తొలగించినచో కాలము మారని మన వాక్యము తిన్నగా పాత్ర యొక్క స్వగతమే యగును, ఆంగ్లమున వలె 'వుడ్' రూపమున కథకుడు వెనుక నిలిచినట్లు తెలియదు.

వ్రాతకంటె మాటలో ఆంగ్లము మరింత స్వేచ్ఛగా నడచుచున్నది. గతమును చెప్పుచునే 'హీ సేస్ టు మీ' అని వర్తమానమునకు దుముకుట జానపదుల కథలలో ప్రాతదే. 1980 దశకము నుండి అమెరికను యువజనుల సంభాషణములలో 'షీ వాజ్ లైక్' అను నివేదన రూపము ప్రబలి, నేడు ఆంగ్లము మాటాడు దేశములన్నిట వినబడుచున్నది. దాని వెనుక వచ్చునది పలికిన మాట కావచ్చును, పలుకక మనస్సున నున్న భావము కావచ్చును, కేవలము ముఖవికారమో నిట్టూర్పో కావచ్చును. యథాతథమని ఎవరును దానిని నమ్మనక్కరలేదు. భాషాశాస్త్రజ్ఞురాలు డెబోరా టానెన్ సంభాషణములలో వినబడు ఉద్ధరణములను నివేదితములని గాక నిర్మితములని పిలువవలయునని వాదించెను. పాఠ్యపుస్తకముల 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' చేయలేకపోయిన పనిని, ధ్వనిని ధ్వనిగానే నివేదించు పనిని, ఈ క్రొత్త రూపము నిర్వహించుచున్నది; పరీక్షాపత్రములలోనికి అదింకను ప్రవేశింపలేదు.